గోడ మీద బొమ్మ, పళ్ళెంలో ఊరు: పాప్‌అప్ విందును ఆస్వాదించడం ఎలా?

ఒకటి రెండు రాత్రులకు పుట్టి మాయమయ్యే విందులను పాప్‌అప్ డిన్నర్లు అంటున్నారు. ఖాళీ గోదాము, బొమ్మలు వేలాడే గ్యాలరీ, శిల్పి పనిచేసుకునే షెడ్డు, ఎవరిదో డాబా... చోటు ఏదైనా ముప్పై నలభై కుర్చీలు వేస్తారు. చుట్టుపక్కల పండినవాటితో ఐదారు వడ్డనలు చేస్తారు. మధ్యలో కళను నిలబెడతారు. మర్నాటికి బల్లలూ ఉండవు, పొయ్యిలూ ఉండవు. ఆహ్వానం చదువుతుంటేనే నోరూరుతుంది. వెళ్ళొచ్చాక మాత్రం చాలామందికి ఒక ప్రశ్న మిగిలిపోతుంది. తిన్నది బాగుంది, చూసింది బాగుంది, ఆ రెంటికీ పొత్తు ఎక్కడ?

పొత్తు కుదరని విందులే ఎక్కువ. అది పసిగట్టడానికి ఒక పరీక్ష ఉంది. బొమ్మల్ని మనసులోనే గోడ మీంచి తీసేయండి. భోజనం అలాగే నిలబడిందా? అయితే బొమ్మ అక్కడ అలంకారం, అంతే. ఇప్పుడు భోజనాన్ని తీసేయండి. బొమ్మ చెప్పేదాంట్లో ఏ తేడా లేకపోతే, మీరు వెళ్ళింది ప్రదర్శన పక్కనే పెట్టిన హోటలుకి. ఒకదాన్ని తీస్తే రెండోది కుంటుపడినప్పుడే జత కుదిరినట్టు.

కుదిరిన జతల్లో ముడి సాధారణంగా మూడు చోట్ల పడుతుంది. మొదటిది పదార్థం. కుండలు చేసిన మట్టీ, దుంపలు పండిన మట్టీ ఒకే చెరువు గట్టువి కావడం లాంటిది. రెండోది కాలం. ఊరబెట్టడం, పులియబెట్టడం, ఎండబెట్టడం వంటింట్లో ఎంత నెమ్మదో, నేత, అద్దకం, రాతి చెక్కడం అంత నెమ్మది. పన్నెండు రోజులు పులిసిన దాన్ని తింటూ పన్నెండు రోజులు రంగులో నానిన బట్టను చూస్తే, వివరణ లేకపోయినా ఏదో తడుతుంది. మూడోది చేత. తినేవాళ్ళ చేత కూడా ఏదో ఒకటి చేయించడం: రొట్టె తుంచి పక్కవాళ్ళకివ్వడం, బల్ల మీది మైనపు ముద్దను వేళ్ళతో నలపడం, ఒకే గిన్నెలోంచి నలుగురు పంచుకోవడం.

ఎర్ర బొమ్మ పక్కన ఎర్ర సూప్ పెట్టే రంగుల జోడీ వీటన్నిటికన్నా బలహీనమైనది, అందరికీ ముందు తట్టేదీ అదే. అలాగని కంటికి బలం లేదని కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే సలాడ్‌ను 60 మందికి మూడు రకాలుగా పెట్టారు. కొందరికి మామూలుగా కలిపి, కొందరికి ముక్కల్ని పక్కపక్కన పొందికగా పేర్చి, కొందరికి రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ వేసిన చిత్రాన్ని తలపించేలా అమర్చి. దినుసులు అవే, పాళ్ళూ అవే. చిత్రంలా అమర్చిన సలాడ్ తిన్నవాళ్ళే రుచి ఎక్కువ బాగుందన్నారు, ఎక్కువ డబ్బు పెట్టడానికీ సిద్ధపడ్డారు. పొందికగా పేర్చిన పళ్ళేనికి ఆ మెప్పు రాలేదు. అంటే శుభ్రంగా సర్దితే చాలదు, అమరికలో ఒక ఊహ కనబడాలి. పళ్ళెం రంగుదీ అదే కథ. నురగలాంటి తీపి అయిన స్ట్రాబెర్రీ మూస్‌నే తెల్ల పళ్ళెంలోనూ నల్ల పళ్ళెంలోనూ పెట్టిన 2012 నాటి ప్రయోగంలో, తెల్ల పళ్ళెంలోదే ఎక్కువ తియ్యగా ఉందన్నారు జనం. నల్లరాతి పలకల మీద తీపి వడ్డించే షెఫ్‌లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఇది కొత్త మోజు కాదు

భోజనాన్ని కళగా చూడటం మన కాలం కనిపెట్టింది కాదు. వేగాన్నీ యంత్రాన్నీ కొలిచిన ఇటలీ కళాకారులు, ఫ్యూచరిస్టుల నాయకుడు మరినెట్టి 1930 డిసెంబరులో వంట మీద ఒక మేనిఫెస్టో ప్రకటించి, పాస్తాను దేశం నుంచి తరిమేయాలన్నాడు. మరుసటి ఏడాది మార్చిలో టురిన్‌లో వాళ్ళ భోజనశాల తెరుచుకుంది. వాళ్ళ వంటకాల్లో ఒకటి తినే పద్ధతి ఇదీ: కుడిచేత్తో ఆలివ్, సోంపు దుంప, చిట్టి నారింజ తినాలి. అదే సమయంలో ఎడమచేత్తో గరుకు కాగితాన్ని, పట్టును, మఖమల్‌ను నిమరాలి. వెనకాల విమానం మోత, పైనుంచి అత్తరు చిలకరింపు. నవ్వొస్తుంది గానీ, ఈనాడు ‘పంచేంద్రియ విందు’ అని టికెట్లు అమ్ముతున్న వాటిలో సగం ఈ ఒక్క వంటకం పిల్లలే.

కళాకారుడు డానియెల్ స్పోయెరిది ఇంకో దారి. తిన్నాక బల్ల మీద మిగిలిన ఎంగిలి పళ్ళేలు, గ్లాసులు, సిగరెట్ పీకలు ఎక్కడివక్కడే అతికించేసి, ఆ బల్లను నిలువుగా గోడకు తగిలించేవాడు. 1968లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక రెస్టారెంటే తెరిచాడు. 1971లో న్యూయార్క్‌లోని సోహోలో గోర్డన్ మట్టా-క్లార్క్, కరోల్ గుడెన్, టీనా జిరూవార్డ్ తదితర కళాకారులు ‘ఫుడ్’ అనే భోజనశాల నడిపారు. అక్కడ మట్టా-క్లార్క్ వండిన ఒక విందు మొత్తం ఎముకలతోనే. తిన్నాక ఆ ఎముకల్ని కడిగి, తొలిచి, దండలు గుచ్చి అతిథుల మెడకే వేసి పంపారు. 1992లో అదే నగరంలోని ఒక గ్యాలరీలో థాయ్ కళాకారుడు రిర్క్రిట్ తిరవనిజ లోపలి సామాన్లన్నీ ముందు గదిలోకి జరిపి, అన్నమూ థాయ్ కూరా వండి వచ్చినవాళ్ళకు ఉచితంగా పెట్టాడు. గోడ మీద బొమ్మే లేదు. కూర్చుని తింటూ మాట్లాడుకోవడమే అక్కడి కళాఖండం.

ఈ ముచ్చట్లు వట్టి చరిత్ర కోసం కాదు. మీరు వెళ్ళబోయే విందు వీటిలో ఏ కొమ్మకు కాసిందో తెలిస్తే ఏం ఆశించాలో తెలుస్తుంది. మరినెట్టి తరహా విందుకు కడుపు నింపుకోవాలని వెళ్తే నిరాశే. తిరవనిజ తరహా విందుకు వెళ్ళి ‘బొమ్మలేవీ?’ అని వెతుక్కుంటే అదీ నిరాశే.

‘లోకల్’ అంటే ఎంత దూరం?

ఈ మాటకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. అమెరికా 2008లో చేసిన వ్యవసాయ చట్టంలో పండిన చోటు నుంచి 400 మైళ్ళ లోపల అమ్మినా, అదే రాష్ట్రంలో అమ్మినా స్థానికమే అని రాసుకున్నారు. అంటే 640 కిలోమీటర్ల పైమాటే. ఒక రాత్రంతా లారీ నడిస్తే గానీ చేరని దూరం కూడా ‘లోకల్’ కిందికే వస్తుందన్నమాట.

దూరం కన్నా పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. పంట ఊరిదా, వంటకం ఊరిదా, వండే చెయ్యి ఊరిదా? ఈ మూడూ ఒకటి కాదు. ఊళ్ళో పండిన గుమ్మడికాయతో ఎక్కడిదో పద్ధతిలో వండితే అది స్థానిక పంట. ఎక్కడినుంచో వచ్చిన పిండితో ఊరి పాత పద్ధతిలో వండితే అది స్థానిక వంటకం. ఏది గొప్పదన్న పేచీ అక్కర్లేదు. కానీ ఆహ్వానంలో ఏదో తేల్చకుండా ‘మన మట్టి రుచులు’ అని మాత్రమే రాశారంటే, వాళ్ళకే తెలియదన్నమాట. నిజంగా పంట మీద ఆధారపడే నిర్వాహకులను గుర్తుపట్టడం తేలిక. వాళ్ళ మెనూలో ‘అందితే’, ‘ఆ వారం దిగుబడిని బట్టి’ అని ఉంటుంది. పదిహేను రోజుల ముందే ప్రతి ఆకు పేరూ అచ్చు వేసిన మెనూను నమ్మకపోవడమే మేలు.

తెర వెనక ఏం జరుగుతుంది?

ఇక్కడే అసలు చిక్కులన్నీ. గ్యాలరీ వంటకు పుట్టిన చోటు కాదు, వంటకు భయపడే చోటు. నూనె ఆవిరి గాలిలో తేలి చిత్రాల మీద పలచని జిడ్డుపొరగా కూర్చుంటుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. రాలిన మెతుకులకు పురుగులు వస్తాయి. వాటిలో కొన్ని మెతుకులతో సరిపెట్టుకోవు, కాగితానికీ జిగురుకూ పోతాయి. అందుకే జాగ్రత్త ఉన్న గ్యాలరీలు మంటను ఒప్పుకోవు, కొవ్వొత్తులతో సహా. బల్లల్ని చిత్రాలకు ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో వేయమంటాయి. చాలాచోట్ల ఎర్ర పానీయాలనూ వద్దంటాయి. వంట వేరేచోట ముగించుకొచ్చి, ఇక్కడ ఇండక్షన్ పొయ్యి మీద వేడి చేయడమే మిగిలిన దారి.

ఆ పొయ్యి కూడా సులువేం కాదు. 230 వోల్టుల సరఫరా, 16 ఆంపియర్ల బ్రేకర్ ఉన్న లైనులో మొత్తం 3,680 వాట్లు మోస్తుంది. 2,000 వాట్ల పొయ్యి ఒకటి పెడితే హాయిగా నడుస్తుంది. రెండోది అదే లైనులో పెట్టి రెంటినీ పూర్తి మంటలో ఉంచితే 4,000 వాట్లు. మొదట ఏమీ కాదు, కొంతసేపటికి బ్రేకర్ వేడెక్కి పడిపోవచ్చు. పడితే సరిగ్గా వడ్డన మధ్యలోనే పడుతుంది, ఎందుకంటే రెండు పొయ్యిలూ ఒకేసారి మండేది అప్పుడే. బొమ్మల మీది దీపాలూ అదే లైనులో ఉంటే అవీ ఆరిపోతాయి. దాన్ని ‘ప్రదర్శనలో భాగం’ అనుకుని చప్పట్లు కొట్టే అతిథులూ ఉంటారు.

ఇక పళ్ళెం సంగతి. కుమ్మరి చేసిన మందపాటి మట్టి గిన్నెలో కాసింత వేడి సూప్... కాగితం మీద అద్భుతమైన జోడీ. గిన్నె బరువు 300 గ్రాములు, అందులో పోసేది 70 మిల్లీలీటర్లు అనుకుందాం. సూప్ 75 డిగ్రీల్లో ఉంది, గిన్నె గది వేడిలో, అంటే 22 డిగ్రీల్లో ఉంది. గిన్నె వేడిని పీల్చుకునే శక్తి దాదాపు ఆ సూప్‌ది ఎంతో అంత. రెండూ సర్దుకునేసరికి సూప్ 50 డిగ్రీల చుట్టుపక్కలకు దిగిపోతుంది. బల్ల దగ్గరికి నడిచి వచ్చేసరికి ఇంకొంచెం తగ్గి, గోరువెచ్చని నీళ్ళలా తగులుతుంది. అదే గిన్నెను ముందుగా 60 డిగ్రీలకు వేడిచేసి పెట్టుకుంటే సూప్ 68 దగ్గర నిలుస్తుంది. ‘సూప్ చల్లారిపోయింది’ అన్న ఫిర్యాదుకు వంటమనిషిని తిట్టేముందు సూప్ తగలని గిన్నె అంచును పట్టుకు చూడండి. అది చల్లగా ఉంటే తప్పు వంటది కాదు, గిన్నెలు వేడిచేసే పెట్టె లేకపోవడానిది.

కళాకారులు చేసిన పాత్రల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మెరుపు పూత లేని, తక్కువ వేడిలో కాల్చిన మట్టి నీళ్ళనూ నూనెనూ పీల్చేస్తుంది. దాన్ని పూర్తిగా శుభ్రం చేయడం కష్టం. మెరుపు పూతల్లో కొన్నింట సీసం, కాడ్మియం ఉంటాయి. పులుపు తగిలితే అవి ఆహారంలోకి దిగుతాయి. పాత్ర అలంకారానికి చేసిందా, తినడానికి చేసిందా అని అడగడం మర్యాద తప్పడం కాదు. తినడానికి చేసినదైతే చేసినవాళ్ళు ఏ పూత వాడారో టక్కున చెప్పగలరు.

పళ్ళెం అమర్చడానికి పట్టే సమయం మరో ఉచ్చు. పళ్ళెంలో ఆరు ముక్కలు, ఒక్కోటి పెట్టడానికి నాలుగు సెకన్లు అంటే పళ్ళేనికి 24 సెకన్లు. ముప్పై మందికి ఒక్కరే అమరిస్తే 12 నిమిషాలు. మొదటి పళ్ళెం అప్పటికి చల్లబడి, దాని మీది ఆకు వాడి ఉంటుంది. నలుగురు వరుసలో నిలబడి తలా ఒకటి రెండు ముక్కలు పెడుతూ పోతే మూడు నిమిషాల్లో తెములుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు చిత్రంలాంటి అమరికను చల్లటి వంటకాలకే ఉంచుకుంటారు, వేడి వంటకాన్ని గరిటెతో ఒక్క పోటులో వడ్డిస్తారు. మెనూ చదివేటప్పుడు ఇది మంచి ఆనవాలు. గ్యాలరీలో నలభై మందికి ‘కరకరలాడే’ వేపుడు అని రాశారంటే అనుమానించండి. బయట వేయించి మూత పెట్టెలో తెస్తే దాని ఆవిరే దాని మీద నీరై కూర్చుని మెత్తబడిపోతుంది. నెమ్మదిగా మగ్గిన కూరలు, ఊరబెట్టినవి, గది వేడిలో తినదగ్గవి ఉన్న మెనూ ఆ చోటు గురించి ఆలోచించి రాసిన మెనూ.

ఆరోగ్యం మాట ఒక్కటే: వేడిగా తినాల్సింది 60 డిగ్రీల పైన, చల్లగా తినాల్సింది 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో రెండు గంటలు దాటి ఉంచినవి, ముఖ్యంగా మాంసం, చేప, గుడ్డు, పాలు, వండిన అన్నం, ఎంత అందంగా అమర్చినా వదిలేయడమే.

వెలుతురు దగ్గర కళకూ వంటకూ నిజంగానే పడదు. కాగితం మీది నీటిరంగు చిత్రాలకు, నేత బట్టలకు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వకపోవడం మ్యూజియంల ఆనవాయితీ. తైలవర్ణ చిత్రాలకు 200 దాకా ఒప్పుకుంటారు. 50 లక్స్‌లో ఆకుకూర ఆకుపచ్చ వెలసినట్టు ఉంటుంది, మెనూలోని అక్షరాలు పెద్దవయసువాళ్ళకు ఆనవు. మంచి నిర్వాహకులు బొమ్మల మీద తక్కువ, బల్ల మీద కిందికి మాత్రమే పడే చిన్న దీపాలతో కొంచెం ఎక్కువ వెలుతురు పెట్టి రాజీ కుదురుస్తారు. దీపాలన్నీ ఎర్రగా పెట్టిన చోట మాత్రం జాగ్రత్త. ఆ వెలుతురులో మాంసం ఉడికిందో లేదో వండినవాళ్ళకే కనబడదు.

శబ్దమూ అంతే. విమానంలో ఉండేపాటి మోత, దాదాపు 85 డెసిబెల్స్, చెవుల్లో ఉంటే తీపి తక్కువగా, ఉమామి (మాంసపు రసంలాంటి ఐదో రుచి) ఎక్కువగా తెలుస్తుందని 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. శబ్ద కళాఖండం మధ్య భోజనం అయితే పుట్టగొడుగులు, పండు టమాటా, పులియబెట్టినవి నిలబడతాయి, సున్నితమైన తీపి ఓడిపోతుంది. పక్కవాళ్ళతో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తోందంటే నాలుకకూ కష్టకాలమే.

మీరు చేయాల్సినవి

వెళ్ళేముందు. మీకు పడని ఆహారం ఏదైనా ఉంటే టికెట్ కొన్న రోజే రాసి పంపండి, బల్ల దగ్గర చెప్పకండి. శాశ్వతమైన వంటింట్లో అల్మారా తెరిస్తే ఇంకోటి దొరుకుతుంది. ఇక్కడ ముప్పై మందికి ముప్పై రెండు, ముప్పై మూడు పళ్ళేల సరుకే తెచ్చుకుంటారు, అల్మారా అనేదే ఉండదు. డబ్బు ముందే తీసుకోవడానికి, రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వకపోవడానికి కారణమూ అదే. మిగిలినది మర్నాడు అమ్ముకునే వీలు లేదు. ఆ సాయంత్రం అత్తరు వద్దు. మీ ముక్కు కొన్ని నిమిషాల్లో దానికి అలవాటు పడిపోతుంది గానీ పక్కవాళ్ళ ముక్కు పడదు. రుచిలో పెద్ద వంతు వాసనదే. కడుపు మాడ్చుకుని వెళ్ళకండి. మొదటి వడ్డనకూ అసలు భోజనానికీ మధ్య గంట పట్టొచ్చు, ఆకలితో ఉన్నవాడికి బొమ్మ కనబడదు. మూడు గంటల ముందు కొంచెం తిని వెళ్తే చాలు.

చేరాక. ఇరవై నిమిషాలు ముందుగా వెళ్ళి, గోడ మీది చీటీ చదవకుండా ఏదో ఒక్క బొమ్మ ముందు ఐదు నిమిషాలు ఉండండి. అన్నీ చూసేయాలని తిరగకండి. ‘మ్యూజియం అలసట’ అనే మాటను బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే రాశాడు. వంగి, మెడ చాచి, నిలబడి చూడటంలోనే ఒళ్ళు అలసిపోతుందని ఆయన ఫోటోలతో సహా చూపించాడు. అలసిన ఒంటితో కూర్చుంటే మూడో వడ్డనకే ఆవలింతలు.

పళ్ళెం వచ్చాక అసలు కిటుకు ఇదే: మొదటి రెండు ముద్దలు వివరణ వినకముందే తినేయండి. ఏ దినుసుకా దినుసు ఒకసారి, అన్నీ కలిపి ఒకసారి. ఏమనిపించిందో ఒక్క మాటలో మనసులో పెట్టుకోండి. అప్పుడు కళాకారుడు చెప్పేది వినండి. తర్వాత మిగిలిన సగం తినండి. విన్న మాట వల్ల రుచి మారిందా, బొమ్మ వేరుగా కనబడుతోందా అన్నది మీకు ఇప్పుడు పోల్చుకోవడానికి దొరుకుతుంది. ముందే విని తింటే, చెప్పిన రుచే నాలుక మీద వెతుక్కుంటారు. ఒకవేళ ఉపన్యాసం పది నిమిషాలు దాటి సాగుతుంటే మొహమాటపడకండి, వేడిది వేడిగా తినేయండి. మాట తర్వాత కూడా అలాగే ఉంటుంది, సూప్ ఉండదు. ఫోటో ఒకటి చాలు, ఫ్లాష్ లేకుండా.

వడ్డనలు చిన్నవని చిన్నబుచ్చుకోకండి. ఒకే వంటకం తింటూ పోతే దాని మీది ఇష్టం ముద్దముద్దకూ తగ్గుతుంది, కొత్త వంటకం వస్తే మళ్ళీ లేస్తుంది. దీని మీద 1981 నుంచీ పరిశోధనలున్నాయి. అందుకే 70 నుంచి 90 గ్రాముల చొప్పున ఆరు వడ్డనలు పెడతారు. మొత్తం అర కిలో దాకా అవుతుంది, ఒక మనిషికి సరిపోయే భోజనమే. మూడు గంటలకు పైగా సాగితే తప్పు పరిమాణానిది కాదు, జాప్యానిది. వడ్డనకూ వడ్డనకూ మధ్య ఇరవై నిమిషాలు దాటితే కడుపు నిండిందనుకుని ఆకలి చల్లబడుతుంది, చివరి తీపి దండగవుతుంది.

తీపి అయ్యాక అందరూ చెప్పుల కోసం లేస్తారు. మీరు ఇంకో పది నిమిషాలు ఉండండి. మొదట్లో నిలబడిన ఆ ఒక్క బొమ్మ దగ్గరికే మళ్ళీ వెళ్ళి, ఈసారి చీటీ చదవండి. తర్వాత వంట చేసినవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చినప్పుడు ‘ఎలా ఉంది’ అన్న వాళ్ళ ప్రశ్నకు ‘బాగుంది’ అని వదిలేయకుండా, మెనూలో పెట్టాలనుకుని ఆఖరి రోజున తీసేసింది ఏమిటో అడగండి. పంట చెయ్యిచ్చిందా, గ్యాలరీ ఒప్పుకోలేదా, కళాకారుడితో కుదరలేదా... ఆ సాయంత్రం ఎలా అల్లుకున్నారో ఆ ఒక్క జవాబులో బయటపడుతుంది. ముగిసిన విందును తవ్విచూడటం ఒకసారి అక్షరాలా జరిగింది: ఎంగిలి బల్లలు గోడకు తగిలించిన ఆ స్పోయెరే 1983లో పారిస్ దగ్గర ఒక తోటలో కందకం తవ్వించి, విందు మధ్యలోనే బల్లల్నీ పళ్ళేల్నీ తిండినీ అందులో పూడ్పించేశాడు. 2010లో పురావస్తు శాస్త్రవేత్తలు వెళ్ళి దాన్ని తవ్వారు.